జగిత్యాల కోటయు పోకాక్ నౌకలును

జగిత్యాల కోటను చూచినవారికి మొదట తోచునది దాని వింత రూపము. అది ఓరుగల్లు కోటవలె గుండ్రని ప్రాకారములు గలది కాదు. ఎలగందుల దుర్గమువలె గుట్టను ఆశ్రయించి నిలిచినదియు కాదు. సమతలమైన నేలమీద, చుట్టును కందకముతో, నక్షత్రమునకు కోణములున్నట్లు బయటికి చొచ్చుకొనివచ్చిన బురుజులతో అది కట్టబడినది. ఇట్టి కోటలను ఇటలీవారును, వారి తరువాత ఫ్రెంచివారును ఫిరంగియుద్ధమునకు అనువుగా కల్పించుకొనిరి. సముద్రమునకు రెండువందల మైళ్లకు మించిన దూరమున, తెలుగుదేశపు నడిమి భాగమున ఈ పరదేశపు శిల్పము ఎట్లు వెలసెను? వెలసిన పిదప ఆ పరదేశీయుల ప్రాబల్యము మన గడ్డమీద ఏల నిలువలేదు?

ఈ రెండవ ప్రశ్నకు సమాధానము జగిత్యాలలో దొరకదు. కోరుట్లలోను సిరిసిల్లలోను దొరకదు. అది బంగాళాఖాతపు అలలమీద 1758, 1759 సంవత్సరములలో జరిగిన మూడు నౌకాయుద్ధములలో దొరకును. ఆ యుద్ధములను ఆంగ్లేయపక్షమున నడపినవాడు జార్జి పోకాక్ అను నౌకాధిపతి. క్లైవు పేరు మన పాఠశాలలలోని పిల్లలకు కూడ తెలియును. బుస్సీ పేరు బొబ్బిలి కథ విన్న ప్రతివారికి తెలియును. పోకాక్ పేరు తెలిసినవారు మాత్రము బహు కొలది. ఆతని చరిత్రమును మన ప్రాంతపు చరిత్రముతో జోడించి శ్రోతలకు విన్నవించుట మా ఉద్దేశము.

ముందుగా కోట మాట. 1747లో జాఫరుద్దౌలా కొరకు ఫ్రెంచి ఇంజనీరులు ఇరువురు దీనిని కట్టిరనియు, వారి పేర్లు జాక్, టాల్ అనియు, ఆ రెండు పేర్లు కలిసియే ఊరి పేరు ఏర్పడినదనియు స్థానికులు చెప్పుకొందురు. ఊళ్ల పేర్లకు ఇట్టి కథలు పుట్టుట లోకసహజము. కథను కథగానే ఉంచుదము. కోట రూపము మాత్రము కథ కాదు. అది కంటికి కనబడు సాక్ష్యము. ఎత్తైన సన్నని రాతిగోడను ఫిరంగిగుండు సులభముగా కూల్చును. అందుచేత ఐరోపా శిల్పులు గోడ ఎత్తును తగ్గించి మందమును పెంచిరి. గుండ్రని బురుజు పాదమున, పైనున్నవారి తుపాకికి అందని చోటు కొంత మిగిలిపోవును. శత్రువు అచ్చట చేరి సొరంగము త్రవ్వగలడు. కోణముగల బురుజునకు ఆ లోపము లేదు. ప్రతి బురుజునుండియు ప్రక్కబురుజు ముఖము కనబడుచుండును. ఒకదానిపైకి వచ్చిన శత్రువును మరియొకటి ప్రక్కనుండి కాల్చును. జగిత్యాల కోటలోని నక్షత్రరూపమునకు అర్థమిదియే.

1747 అనగా నిజాముల్ముల్కు మరణమునకు ఒక యేడు ముందు; బుస్సీ దొర హైదరాబాదు చేరుటకు నాలుగేండ్లు ముందు. ఆ యేటనే కోట మొదలైనదన్న మాట నిజమైనచో, ఆ శిల్పులు ఫ్రెంచి కంపెనీ పంపిన సైనికులు కారనియు, దేశీయప్రభువుల కొలువు వెదకుకొనుచు వచ్చినవారనియు ఊహింపవచ్చును. వారు ఎట్లు వచ్చినను, వచ్చిన త్రోవ ఒక్కటే. ఫ్రాన్సు దేశమునుండి ఆఫ్రికా కొనను చుట్టి, మారిషస్ ద్వీపమున ఆగి, పుదుచ్చేరికో మచిలీబందరుకో చేరిన ఓడయే వారిని తెచ్చినది.

1751 ఫిబ్రవరిలో ముజఫర్ జంగు కడప సీమలో చంపబడగా, బుస్సీ వెంటనే సలాబత్ జంగును దక్కను సుబేదారుగా నిలిపెను. అప్పటినుండి ఏడేండ్లు హైదరాబాదు దర్బారున ఫ్రెంచివారి మాటకు ఎదురు లేకపోయెను. సైన్యమును పోషించుటకు 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులు వారికి దక్కెను. ఈ మహాభవనమునకు పునాది ఎచ్చటనున్నదో గమనింపవలెను. కవాతు నేర్చిన ఐరోపా సిపాయి, ఫిరంగి, మందుగుండు, ధనము – ఇవి యన్నియు ఓడలమీద రావలసినవే. హైదరాబాదులోని ఫ్రెంచి పలుకుబడి బందరు రేవునకు కట్టిన త్రాడువంటిది. ఆ త్రాడు తెగినచో దర్బారులోని బుస్సీయు, జగిత్యాలలోని శిల్పియు తమ దేశమునకు దూరమై ఒంటరులగుదురు.

సముద్రముతో మనవారికి బొత్తిగా పరిచయము లేదనరాదు. కోరుట్లకు పడమటి దిక్కున ఉన్న కోనసముద్రము గ్రామపు ఉక్కు పూర్వము పారసీక దేశమువరకు పోయెడిది. ఆ ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు స్వయముగా ఆ ఊరికి వచ్చెడివారు. గోలకొండ నవాబుల కాలమునుండియు బందరు ఈ రాజ్యమునకు సముద్రద్వారము. సిరిసిల్ల ప్రక్కన పారు మానేటి నీరు గోదావరిలో కలిసి, పాయలుగా చీలి, యానాము ప్రక్కనుండి సాగరమును చేరుచున్నది. ఆ యానాములో ఫ్రెంచివారి జెండా 1954 వరకు ఎగురుచునే యుండెను. సముద్రము మనకు దూరమేగాని పరాయిది కాదు. దానిమీద అధికారము మాత్రము మన ప్రభువులు ఎన్నడును కోరలేదు.

ఇక పోకాక్ మాట. ఆతడు 1706 మార్చి 6న ఇంగ్లండులో జన్మించెను. తండ్రి థామస్ పోకాక్ నౌకాదళమున మతాచార్యుడు. పండ్రెండేండ్ల ప్రాయముననే, 1718లో, బాలుడు మేనమామ నడుపు యుద్ధనౌకలో చేరెను. ఆ యేటనే సిసిలీ ద్వీపమువద్ద పసారో అగ్రమున స్పెయిను నౌకాదళముతో జరిగిన యుద్ధమును కన్నులార చూచెను. మన యిండ్లలో పిల్లవాడు పెద్దబాలశిక్ష పట్టు వయసున ఆతడు ఫిరంగిపొగలో పెరిగెను. మెట్టుమెట్టుగా ఎక్కి 1738లో కెప్టెను పదవి నందెను. 1748లో వెస్టిండీసు ద్వీపములవద్ద, కాపుదలలేక చెదరిన ఫ్రెంచి వర్తకనౌకలను సుమారు నలువదింటిని పట్టుకొని పేరును ధనమును గడించెను. తెరచాపల యుద్ధమున ధైర్యము ఒక్కటియే చాలదనియు, శత్రువు వర్తకమును నిలిపినవాడే శత్రువు ఊపిరిని నిలిపినవాడనియు ఆతనికి అప్పుడే బోధపడియుండును.

1754లో పోకాక్ అడ్మిరల్ వాట్సన్ సహచరుడుగా భారతదేశమునకు పంపబడెను. 1756లో కలకత్తా సిరాజుద్దౌలా వశమైన వార్త మద్రాసునకు రాగా, క్లైవును సైన్యమును ఎక్కించుకొని వాట్సన్ నౌకలు ఉత్తరమునకు సాగెను. ఆ నౌకలలో దక్షిణదేశపు సిపాయిలు పెక్కుమంది పోయిరి. ఉత్తరహిందూస్థానమున కంపెనీ సిపాయికి చాలకాలము ‘తిలంగా’ అను పేరు నిలిచినదన్న విషయము, వారిలో మనవారెందరుండిరో తెలుపకయే తెలుపును. పోకాక్ ఎక్కిన కంబర్లండు నౌక దారిలో దెబ్బతిని విశాఖపట్టణమున తలదాచుకొనవలసి వచ్చెను. అందుచేత ఆతడు వంగదేశమును ఆలస్యముగా చేరెను. 1757 మార్చిలో ఫ్రెంచివారి చంద్రనగరుపై దాడి జరుగనున్నదని తెలిసి, తన పెద్దనౌక హుగ్లీనదిలో పైకి పోజాలకున్నను, చిన్నపడవలో తెడ్లు వేయించుకొనుచు ఎగువకు పోయి, టైగర్ నౌకమీద తన జెండా నెగురవేసి యుద్ధము చేసి గాయపడెను. ఆ యేడు ఆగస్టు 16న వాట్సన్ కలకత్తాలో జ్వరముచే మరణించెను. తూర్పుసముద్రములలోని ఆంగ్ల నౌకాదళమంతయు పోకాక్ చేతికి వచ్చెను.

ఆతని పనిని గ్రహించుటకు మన తూర్పుతీరము యొక్క స్వభావము తెలియవలెను. బందరునుండి నాగపట్టణమువరకు తీరమంతయు ఇసుకమేటలు. పెద్ద ఓడలు గాలివానకు వెరవక నిలువదగిన సహజాశ్రయము ఆనాడు అచ్చట లేదు. ఓడలు ఒడ్డునకు దూరముగా లంగరు వేయును. మనుష్యులను సరకులను మసూలా పడవలు అలలు దాటించి తెచ్చును. ఆశ్వయుజ కార్తికమాసములలో ఈశాన్యపు గాలివానలు మొదలైనప్పుడు యుద్ధనౌకలు ఈ తీరమును విడిచి పోవలసినదే. అట్లు పోయినప్పుడు ఆంగ్లేయులకు పడమటితీరమున బొంబాయి కలదు. అచ్చట ఓడలను బాగుచేయు రేవులు, టేకుకలప, వడ్రంగులు, ధాన్యము సమృద్ధిగా నుండెను. ఫ్రెంచివారికి మారిషస్ ద్వీపము తప్ప గతి లేదు. అది వేలమైళ్ల దూరమున నున్నది. ఒక నౌకాదళమునకు చాలినంత తిండి కూడ ఆ ద్వీపమున పండదు. ఒకరికి ఇల్లు ప్రక్కనే యుండగా మరియొకరు ప్రతియేట సముద్రమును దాటి ఇల్లు చేరవలసిన స్థితి యిది.

1758 ఏప్రిలులో దాషే అను ఫ్రెంచి నౌకాధిపతి, సేనాపతి లాలీని సైన్యముతో సహా తీసికొనివచ్చి పుదుచ్చేరి చేర్చెను. ఏప్రిలు 29న కడలూరు తీరమున పోకాక్ ఆతని నెదిర్చెను. ఆనాటి నౌకాయుద్ధమున రెండు పక్షముల ఓడలును ఒకదాని వెనుక నొకటిగా బారుతీరి, ఎదురుబొదురుగా నిలిచి ప్రక్కఫిరంగులు ప్రేల్చుకొనుట ఆచారము. ఫ్రెంచివారు శత్రువుల కొయ్యలను, చాపలను, త్రాళ్లను గురిచూచి కాల్తురు. ఆంగ్లేయులు ఓడ పొట్టను గురిచూచి కాల్తురు. ఈ భేదమువలన రెండు ఫలితములు కలిగెను. ఫ్రెంచి ఓడలలో మనుష్యులు చాలమంది చచ్చిరి. ఆంగ్లేయుల ఓడలు చాపలు చినిగి, పారిపోవు శత్రువును తరుమజాలక నిలిచిపోయెను. వెనుకనున్న ముగ్గురు కెప్టెనులు తగినట్లు ముందుకు రాలేదని పోకాక్ మద్రాసులో వారిని సైనికన్యాయస్థానమున విచారింపజేసెను. ఒకరు నౌకాదళమునుండియే తొలగింపబడిరి; ఒకరు తన నౌకను పోగొట్టుకొనిరి; మూడవవారికి ఒక సంవత్సరపు సీనియారిటీ తగ్గెను. యుద్ధమునకు ఫలితము మాత్రము పూర్తిగా దక్కలేదు. లాలీ సైన్యము ఒడ్డునకు చేరియే యుండెను. జూన్ 2న సెంటు డేవిడు కోట ఆతని వశమయ్యెను.

ఆగస్టు 3న నాగపట్టణమువద్ద రెండవ యుద్ధము. ఇందును ఫ్రెంచివారి ప్రాణనష్టమే అధికము. దాషేకు గాయములు తగిలెను. అప్పుడు లాలీ తంజావూరును ముట్టడించి రాజునుండి ధనము రాబట్టు ప్రయత్నమున నుండెను. ఆంగ్లనౌకలు కారైకాలు ఎదుట నిలిచినవను వార్త రాగా ముట్టడి వదలి మరలిపోవలసినవాడయ్యెను. సెప్టెంబరు మొదటి దినములలో దాషే, లాలీ ఎంత వేడినను ఆగక, తెరచాపలెత్తి మారిషస్ పోయెను. పుదుచ్చేరికి సముద్రము మూతపడెను.

ఈ దూరపుటలల దెబ్బ హైదరాబాదునకు ఎట్లు తగిలెనో వినుడు. ధనమును, మనుష్యులను ఓడలమీద తెచ్చుకొనజాలని లాలీ, ఉన్న బలమునంతను ఒకచోట చేర్పదలచెను. మద్రాసు పట్టవలెనని సంకల్పించి, బుస్సీని హైదరాబాదు విడిచి రమ్మని ఉత్తరువు పంపెను. ఏడేండ్లు కష్టపడి కట్టిన యిల్లు విడువలేక బుస్సీ విలపించినను ఆజ్ఞ మీరలేకపోయెను. సర్కారుల భారమును కాన్‌ఫ్లాన్స్ అనువానికి అప్పగించి ఆతడు దక్షిణమునకు కదలెను. దక్కనులో ఫ్రెంచి ప్రాబల్యము ఆనాడే అస్తమించెననవచ్చును.

అదే సమయమున విజయనగర ప్రభువు ఆనందగజపతిరాజు ఫ్రెంచివారిపై తిరుగబడి ఆంగ్లేయులకు కబురంపెను. క్లైవు వంగదేశమునుండి కర్నల్ ఫోర్డును ఐదువందలమంది తెల్లసిపాయిలతోను, రెండువేలమంది దేశీయ సిపాయిలతోను ఓడలమీద పంపెను. అక్టోబరు 20న వారు విశాఖపట్టణమున దిగిరి. సముద్రము ఆంగ్లేయులకు తెరచియున్నది గనుక కలకత్తా సైన్యము కళింగతీరమున దిగగలిగెను. ఫ్రెంచివారికి మూసియున్నది గనుక పుదుచ్చేరినుండి కాన్‌ఫ్లాన్స్‌కు సకాలమున సాయము రాలేకపోయెను. డిసెంబరులో పిఠాపురమునకు సమీపముననున్న చందుర్తివద్ద ఫోర్డు గెలిచెను. సిరిసిల్ల ప్రాంతమునను చందుర్తి అను ఊరు కలదు. ఆ పేరు విని మనవారు పొరబడరాదు, యుద్ధభూమి గోదావరికి ఆవలి తీరపుసీమలోనిది. దక్షిణమున మద్రాసును లాలీ రెండునెలలు ముట్టడించి, 1759 ఫిబ్రవరిలో ఆంగ్లనౌకలు సహాయసైన్యముతో కంటబడినంతనే వదలిపోయెను. అప్పుడు పోకాక్ బొంబాయిలో తన ఓడలను బాగుచేయించుకొనుచుండెను. ఆతడు దగ్గర లేకున్నను ఆతడు తెరచియుంచిన త్రోవ పనిచేసినది.

ఫోర్డు బందరు కోటను ముట్టడించెను. చూడబోయిన ఆతని స్థితియే దీనముగా నుండెను. కోటలోపలనున్న తెల్లసిపాయిలు వెలుపలనున్నవారికంటె అధికము. కృష్ణాతీరమున సలాబత్ జంగు మహాసైన్యముతో విడిసియుండెను. జీతములందక ఫోర్డు సైనికులు ఒకసారి పని మానిరి. అయినను 1759 ఏప్రిలు 7వ తేది రాత్రి, బురదనేలను దాటి, ఆతడు కోటలో ప్రవేశించి తెల్లవారునప్పటికి దానిని వశపరచుకొనెను. తరువాత వారము దినములకు, పుదుచ్చేరినుండి మూడువందలమంది సైనికులతో రెండు ఫ్రెంచి ఓడలు బందరు కెదురుగా కనబడెను. కోటమీద జెండా మారియుండుట చూచి అవి గంజాము దిక్కునకు తొలగిపోయెను. ఒక్క వారము! సముద్రమార్గము నిరాటంకముగా ఉండియుండినచో ఆ ఓడలు నెలముందే వచ్చియుండెడివి. తెలుగుతీరపు చరిత్ర మరియొక విధముగా నడచియుండెడిది.

సలాబత్ జంగు గుర్రపుదళము ఎంత గొప్పదైనను అలలమీద నడువజాలదు. 1759 మే 14న ఆతడు ఫోర్డుతో సంధి చేసికొనెను. బందరు దానికి చేరిన పరగణాలతోను, నిజాంపట్టణము మొదలైన సీమలతోను ఆంగ్లేయులకు ఇచ్చెను. తీరము వెంబడి ఎనుబది మైళ్లు, లోపలికి ఇరువది మైళ్లు గల నేల అది. తన రాజ్యములోని ఫ్రెంచిసైన్యమును పదునైదు దినములలో వెడలగొట్టుదుననియు, ఇకముందు వారిని కొలువున పెట్టుకొననియు మాట యిచ్చెను. గోదావరి సీమలోని కోటల మాట ఆ కాగితమున లేదు; అయినను వానిని కట్టిన విద్యకు దారి ఆ కాగితముతోనే మూసికొనిపోయెను.

ఆఖరు యుద్ధము 1759 సెప్టెంబరు 10న పుదుచ్చేరి దక్షిణమున జరిగినది. దాషే పదునొకండు పెద్దనౌకలతో తిరిగి వచ్చెను. పోకాక్ కడ తొమ్మిది మాత్రమే యుండెను. ఇరుపక్షముల ఓడలును నుగ్గునుగ్గయ్యెను. దాషే కొంత ధనమును, కొలదిమంది మనుష్యులను పుదుచ్చేరిలో దింపి, అక్టోబరు మొదటనే మారిషస్ చేరబోయి, మరల ఈ తీరమును చూడలేదు. దిక్కులేని లాలీ 1760 జనవరి 22న వందవాసివద్ద ఓడెను. 1761 జనవరి 16న పుదుచ్చేరియే లొంగిపోయెను.

ఇచ్చట ఒక వింత కలదు. ఈ మూడు యుద్ధములలో పోకాక్ ఒక్క ఫ్రెంచి యుద్ధనౌకనైనను చెరపట్టలేదు. కడలూరు యుద్ధము పిదప ఒక ఫ్రెంచి ఓడ ఒడ్డున పడి పగిలినదే గాని, ఆతడు పట్టినది కాదు. విజయోత్సవమున ఊరేగింపదగిన కానుక ఒక్కటియు లేదు. గెలుపోటములు తేలని యుద్ధములని ఆనాడే కొందరనిరి. కాని యుద్ధఫలమును ఓడలలెక్కతో గాక, మరునాడు సముద్రముమీద ఎవరు నిలిచిరను లెక్కతో చూచినచో సమాధానము వేరు. మూడుసార్లును దాషే వెడలిపోయెను. మూడుసార్లును పోకాక్ మిగిలెను. రైతు చేనిగట్టున నిలిచి కాపలా కాయుటవంటిదా పని. దొంగ పట్టుబడకున్నను పంట దక్కినది.

1760లో పోకాక్ ఇంగ్లండు చేరెను. 1761లో సర్ బిరుదమును, ప్లిమత్ నియోజకవర్గమునుండి పార్లమెంటు సభ్యత్వమును అనుభవించుచుండెను. 1762లో క్యూబాద్వీపమందలి హవానా నగరముపై దండయాత్రకు నౌకాధిపతిగా పోయెను. ఆగస్టు 13న నగరము లొంగెను. సైనికులు వేలకొలది జ్వరములకు బలియైరి. నౌకాధిపతి వంతు కొల్లసొమ్ము మాత్రము లక్షా ఇరువదిరెండువేల పౌనులు మించెను. ఈస్టిండియా కంపెనీవారు తమ లండను భవనమున క్లైవు, లారెన్సు, పోకాక్ మువ్వురి పాలరాతి విగ్రహములను రోమనుల వేషముతో నిలిపిరి. తమ వ్యాపారమునకు ఎవరు పునాదులో వర్తకులకు బాగుగా తెలియును. తనకంటె చిన్నవానిని నౌకామంత్రిత్వమునకు పైవానిగా చేసిరని నొచ్చుకొని పోకాక్ 1766లో ఉద్యోగము విడిచెనందురు. 1792 ఏప్రిలు 3న ఆతడు మరణించెను.

ఈ కథలో మిగిలిన కొస యొకటి హైదరాబాదుననే యున్నది. 1763లో పారిసు సంధి వ్రాసినవారు సలాబత్ జంగును దక్కనునకు న్యాయసమ్మతుడైన సుబేదారుగా అంగీకరించిరి. అప్పటికే ఆతని తమ్ముడు నిజామలీ ఆతనిని పదవి దింపి బీదరు కోటలో ఉంచియుండెను. మన దేశపు గతిని మన దేశములోని వార్త కూడ సరిగా తెలియనివారు నిర్ణయించిన రోజులవి. తరువాత నిజామలీ కొలువున రేమండ్ అను ఫ్రెంచి సేనాని వేలకొలది సిపాయిలను తీర్చిదిద్దెను. ఫిరంగులను హైదరాబాదులోనే పోతపోయు కార్ఖానాను ఆతడు నెలకొల్పెను. ‘తోప్ కా సాంచా’ అనియు, గన్ ఫౌండ్రీ అనియు ఆ చోటునకు నేటికిని పేరు. బుస్సీకి ఓడలమీద దిగిన ఫిరంగి రేమండుకు ఏల దిగలేదు? సర్కారులు, రేవులు అప్పటికి ఆంగ్లేయుల వశమున నుండెను. తీరము లేని సేనకు స్వయముగా పోతపోసికొనుట తప్ప మార్గము లేదు. 1798 మార్చిలో రేమండ్ చనిపోయెను. అక్టోబరులో ఆ దళము ఆయుధములను విడిచినది. పోకాక్ కోసిన త్రాడును అతికించుట నలువదేండ్లకును సాధ్యము కాలేదు.

పోకాక్ మనకు పూజనీయుడని మేము చెప్పుట లేదు. ఆతడు పరదేశపు వర్తకసంఘమునకు సేవచేసినవాడు. ఆతని గెలుపువలన తెలుగు రైతునకు గాని, సాలెవానికి గాని ఒరిగినది లేదు. ఒక దొర పోయి మరియొక దొర వచ్చెను. బందరు మొదలుకొని తీరమంతయు ఆంగ్లేయుల పాలై, 1947 వరకు నూటయెనుబది ఏండ్లకు పైగా అట్లే యుండెను. కాని ఆతనిని చూచి మనము నేర్వవలసిన పాఠమొకటి కలదు. తమ తీరమున ఫిరంగులు ప్రేలుచుండగా దక్కను ప్రభువులకు ఒక్క యుద్ధనౌకయు లేదు. ఉండవలెనను తలంపును లేదు. కోటలను కట్టుకొనిరి, కోటలకు శిల్పులను తెప్పించుకొనిరి. ఆ శిల్పులు వచ్చిన దారిని కాపాడుకొనుట తమ పనియని ఎంచలేదు. గోడ ఎంత మందమైనను, దానిలోపలి బలము ఎచ్చటనుండి వచ్చుచున్నదో తెలియనిచో ఆ గోడ రాతికుప్పయే.

2016 అక్టోబరు 11న జగిత్యాలయు, సిరిసిల్లయు జిల్లా ముఖ్యపట్టణములైనవి. కోరుట్లనుండి, సిరిసిల్లనుండి పిల్లలను వెంటబెట్టుకొని జగిత్యాల కోటను చూడబోవువారు, కందకమునకు ఈవల నిలిచి ఆ కోణపు బురుజులను పిల్లలకు చూపవలెను. ఒక బురుజు మరియొక బురుజును ఎట్లు కాపాడుచున్నదో వేలుతో గీచి చెప్పవలెను. పిదప ఈ బురుజులన్నిటిని కాపాడవలసిన ఆఖరి బురుజు బందరు ఎదుట నీటిమీద తేలియాడవలసియుండెననియు, అది లేకపోయెననియు చెప్పవలెను. ఈ రెండవ మాట తెలిసిన పిల్లవానికి కోట పూర్తిగా తెలిసినట్లే.